యుద్ధంలో దెబ్బతిన్న నగరానికి ఏ ఇల్లు? ఖార్కివ్‌ను ముందు పెట్టుకుని ఒక పోలిక

2022 ఫిబ్రవరి చివర్లో మన టీవీల్లో ఖార్కివ్ పేరు రోజంతా వినపడేది. అక్కడ మెడిసిన్ చదువుతున్న తెలుగు పిల్లలు హాస్టల్ సెల్లార్లలో, మెట్రో స్టేషన్లలో రోజుల తరబడి తలదాచుకున్నారు. పిల్లలు ఇళ్లకు చేరాక ఆ పేరు మన వార్తల్లోంచి మెల్లగా తప్పుకుంది. ఊరు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఉక్రెయిన్‌లో అది రెండో పెద్ద నగరం. యుద్ధానికి ముందు అక్కడ 14 లక్షల మంది ఉండేవారు. రష్యా సరిహద్దు 40 కిలోమీటర్ల లోపే. ఆ నగరం ఈశాన్యపు అంచున సాల్తివ్కా అనే పెద్ద పేట ఉంది. సోవియట్ కాలంలో ఫ్యాక్టరీలో పోతపోసిన కాంక్రీటు పలకలతో తొమ్మిది, పన్నెండు, పదహారు అంతస్తుల అపార్టుమెంట్లు వరసగా కట్టుకుంటూ పోయారు. యుద్ధం మొదలైన నెలల్లో ఫిరంగి గుండ్ల వాన ఎక్కువగా కురిసింది ఆ పేట ఉత్తర భాగం మీదే.

2025 ఫిబ్రవరిలో ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి, ఐరోపా కమిషన్, ఉక్రెయిన్ ప్రభుత్వం కలిసి వేసిన లెక్క ప్రకారం ఆ దేశంలోని ఇళ్లలో 13 శాతం కూలిపోయాయి లేదా దెబ్బతిన్నాయి. 25 లక్షలకు పైగా కుటుంబాల సంగతి ఇది.

సివిల్, ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు ఈ అంశం మీద ప్రాజెక్టు చేస్తామని వచ్చినప్పుడు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఏ మెటీరియల్ మంచిది?" కాంక్రీటా, చెక్కా, త్రీడీ ప్రింటింగా అని. నేను వాళ్లకు చెప్పేది, ఆ ప్రశ్న నాలుగోదని. మొదటిది, ఈ ఇల్లు ఎన్ని చలికాలాలు గడవాలి? రెండోది, ఇప్పటికే నిలబడి ఉన్నది ఎంత? మూడోది, కరెంటు, హీటింగ్ రెండూ ఆగిపోయిన రోజున ఇంట్లో మనిషి బతకగలడా? ఈ మూడింటికి జవాబు దొరికితే మెటీరియల్ చాలావరకు దానంతటదే తేలుతుంది. కింది పోలిక కూడా ఆ వరసలోనే చేశాను.

ఈ చలికాలానికి: కిటికీ

బాంబు ఇంటి మీదే పడనక్కర్లేదు. కాస్త దూరంలో పడితే గోడ నిలబడొచ్చు, అద్దాలు మాత్రం ఒక్కటి మిగలవు. ఖార్కివ్‌లో జనవరి రాత్రులు మైనస్ 20 డిగ్రీలకు కూడా దిగుతాయి. అద్దం లేని గదిలో రేడియేటర్‌లోని నీళ్లు గడ్డకడతాయి, గడ్డకట్టిన నీళ్లు పైపును పగలగొడతాయి, పగిలిన పైపు కింది ఫ్లాట్‌ను కూడా పాడు చేస్తుంది. ఒక కిటికీ పోతే మొదలయ్యే నష్టం మొత్తం మెట్ల వరుసకు పాకుతుంది. అందుకే ఇళ్ల పునర్నిర్మాణం అంటే నాకు ముందు గుర్తొచ్చేది పెద్ద పెద్ద డిజైన్లు కాదు, కిటికీలు.

ఇక్కడ నాలుగు దారులున్నాయి. చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసిన పలకలు, అంటే ఓఎస్‌బీ షీట్లు కొట్టేయడం అన్నిటికంటే చవక, గంటలో అయిపోతుంది. కానీ గది పట్టపగలే చీకటి. కరెంటు లేని రోజుల్లో ఒంటరి ముసలివాళ్లు ఆ చీకట్లో నెలల తరబడి కూర్చోవాలి. రెండో దారి పాలిథిన్ కిటికీ. పీవీసీ పైపులతో చట్రం చేసి, మధ్యలో గాలి ఉండేలా నాలుగు పొరల పాలిథిన్ బిగించి, అంచులకు పైపు ఫోమ్ తొడిగి టేపు వేస్తారు. అక్కడికక్కడే పావుగంటలో తయారవుతుంది. బయట ఏమీ కనపడదు గానీ వెలుతురు వస్తుంది, చలి ఆగుతుంది. అన్నిటికంటే పెద్ద లాభం, మళ్లీ పేలుడు జరిగితే గదిలోకి గాజు పెంకులు దూసుకురావు.

మూడోది వాడిన కిటికీలు. వార్సాలో బ్ర్దా అనే ఫౌండేషన్ 2022 నుంచి ఈ పని చేస్తోంది. పోలండ్‌లో ఇళ్లు బాగుచేయించుకునేటప్పుడు తీసేసిన మంచి కిటికీలను సేకరించి, కొలతలు రాసి, లారీల్లో ఉక్రెయిన్‌కు పంపుతుంది. పారేసే వస్తువుకు మళ్లీ ప్రాణం పోయడం నాకు చాలా నచ్చింది. అయితే కొలతలు ఒకదానికొకటి కలవవు కాబట్టి ఇవి పల్లెల్లో, విడి ఇళ్లలో బాగా పనికొస్తాయి. అక్కడ నాలుగు ఇటుకలు తీసో పెట్టో సందు సరిచేసుకోవచ్చు. పలకల అపార్టుమెంట్‌లో ఆ వీలు తక్కువ. నాలుగోది కొత్త డబుల్ గ్లాస్ కిటికీ. 2023 నుంచి ఉక్రెయిన్ ప్రభుత్వం ఫోన్ యాప్ ద్వారానే మరమ్మతు డబ్బు ఇస్తోంది. చిన్న మరమ్మతులకు రెండు లక్షల హ్రివ్నాల (అక్కడి కరెన్సీ) దాకా వస్తుంది, అందులో ఎక్కువమందికి ముందు అయ్యే ఖర్చు కిటికీలు, తలుపులే.

ఏది ఎంచుకోవాలి? ఇంకా గుండ్లు పడుతున్న వీధి అయితే పాలిథిన్. ఈ నెల పెట్టిన కొత్త అద్దం వచ్చే నెల పగిలిపోతే ఆ కుటుంబానికి రెండోసారి డబ్బు ఎవరిస్తారు? దాడులు తగ్గిన చోట కొత్త కిటికీ పెట్టి, లోపలి వైపు, పగిలినా పెంకులు చెదరకుండా, ఫిల్మ్ అంటించాలి. డబ్బు మరీ తక్కువైతే అన్ని గదులకూ సగం సగం చేయొద్దు. ఒక్క గదిని పూర్తిగా వెచ్చగా, వెలుతురుగా చేసి మిగతా వాటికి ఓఎస్‌బీ కొట్టడం మేలు.

రెండు మూడేళ్లకు: కంటైనరా, పాత హాస్టలా

ఇల్లే పోయినవాళ్ల సంగతి వేరు. 2022 ఏప్రిల్‌లో పోలండ్ సాయంతో, ఆ దేశ సరిహద్దుకు దగ్గరగా పడమటి కొసనున్న లివివ్ నగరంలోని స్త్రీయ్‌స్కీ పార్కులో కంటైనర్ల ఊరు లేచింది. తర్వాత కీవ్ దగ్గరి బొరోద్యాంకా, బుచా ఊళ్లలోనూ కట్టారు. వారాల్లో అయిపోయే పని కాబట్టి ఆ తొలి నెలల్లో వీటిని తప్పుపట్టలేం. కానీ వంటగది ఉమ్మడి, స్నానాల గదులు ఉమ్మడి, గోడ పలచన. హీటింగ్ మొత్తం కరెంటు మీదే. కరెంటు పోతే ఇనప డబ్బా చల్లబడటానికి ఎంతోసేపు పట్టదు. ఎండాకాలం రేకుల ఇంట్లో గడిపిన మనవాళ్లకు ఈ బాధ రెండో వైపు నుంచి తెలుసు. ఇక్కడ వేడి బయటికి పోదు, అక్కడ వేడి లోపల నిలవదు.

దీనికి పక్కన పెట్టి చూడాల్సిన పని ఒకటుంది. పశ్చిమ ఉక్రెయిన్‌లోని ఇవానో-ఫ్రాంకివ్స్క్‌లో కొందరు ఆర్కిటెక్టులు 2022లోనే కో-హాతీ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఉక్రెయిన్ భాషలో 'హాతా' అంటే ఇల్లు, 'కోహాతీ' అంటే ప్రేమించడం. వాడకుండా వదిలేసిన పాత హాస్టల్ భవనాలను తీసుకుని, పైపులు, వైరింగ్ మార్చి, మంచాలు, బల్లలు స్వయంగా డిజైన్ చేసి, ఇళ్లు కోల్పోయి వచ్చినవాళ్లకు ఇచ్చారు. అందులో ఉండబోయేవాళ్లు కూడా పనిలో చెయ్యి వేశారు. మందమైన గోడ, మురుగు లైను, పక్కనే బడి, బస్టాపు అన్నీ ముందే ఉన్నాయి. కంటైనర్ల ఊరికి ఇవన్నీ కొత్తగా తెచ్చిపెట్టాలి. పాత భవనంతో వచ్చే తలనొప్పి ఒకటే. అది ఎవరిది, ఎన్నేళ్లకు ఇస్తారు అన్నది కాగితం మీద తేలాలి. మునిసిపాలిటీ భవనమైతే తేలుతుంది, నలుగురు వాటాదారులున్నదైతే ఏళ్లు పడుతుంది.

తాత్కాలికం అనే మాటను నేను నమ్మను. బ్రిటన్ 1944లో చట్టం చేసి, 1945 నుంచి 1949 దాకా 1,56,000కు పైగా ఫ్యాక్టరీ ఇళ్లు పెట్టింది. పదేళ్లకు సరిపోతే చాలనుకుంది. లండన్‌లోని క్యాట్‌ఫర్డ్‌లో అలాంటి 187 ఇళ్ల కాలనీలో జనం అరవై ఏళ్ల తర్వాత కూడా ఉన్నారు, తీసేస్తామంటే వద్దని పోరాడారు. కారణం ఏమిటంటే ఆ ఇళ్లలో ఎవరి వంటగది వాళ్లది, ఎవరి బాత్రూమ్ వాళ్లది, ముందు చిన్న తోట కూడా ఉండేది. కాబట్టి తాత్కాలికమని పేరు పెట్టినా, పదేళ్లు ఉండాల్సి వస్తుందనే అనుకుని ఎంచుకోండి. సొంత పొయ్యి, సొంత మరుగుదొడ్డి లేని డిజైన్‌ను ఆరు నెలలు దాటే అవసరానికి ఒప్పుకోవద్దు. ఊళ్లో వాడని మంచి భవనం ఉంటే కంటైనర్ ఆలోచనే వద్దు.

బాగుచేయాలా, కూల్చాలా

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే, తప్పు చేస్తే ప్రాణాలు పోయేదీ ఇక్కడే.

సాల్తివ్కా లాంటి పలకల భవనంలో మన అపార్టుమెంట్లకు ఉన్నట్టు పిల్లర్లు, బీములు ఉండవు. గోడే పిల్లరు. గోడ మీద శ్లాబు, శ్లాబు మీద మళ్లీ గోడ. మూలల్లో ఇనప ముక్కలు వెల్డింగ్ చేసి కలుపుతారు. మనం పేకమేడ అంటామే, ఆ కట్టుబడి అదే. మామూలు రోజుల్లో గట్టిగానే ఉంటుంది. ఒక అంతస్తులో గోడ పక్కకు పోతే మాత్రం దాని మీదున్నదంతా దిగిపోతుంది. 1968 మే 16న లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల కొత్త భవనంలో 18వ అంతస్తు వంటగదిలో గ్యాస్ పేలింది. ఒక మూల పైనుంచి కింద దాకా కూలిపోయి నలుగురు చనిపోయారు. 2023 జనవరి 14న ఉక్రెయిన్‌లోని ద్నీప్రో నగరంలో తొమ్మిది అంతస్తుల పలకల భవనాన్ని క్షిపణి కొట్టింది. నడుమ భాగం నేలమట్టమైంది, రెండు వైపులా మిగతా భవనం నిలబడే ఉంది. 46 మంది చనిపోయారు.

ఇప్పుడు ఇంకొకటి చూడండి. 2022 ఫిబ్రవరి 26న కీవ్‌లో లొబనోవ్‌స్కీ అవెన్యూలోని ఒక ఎత్తైన అపార్టుమెంట్‌కు క్షిపణి తగిలింది. అది పిల్లర్లు, శ్లాబులు కలిపి అక్కడే పోతపోసిన కొత్త కట్టడం. కొన్ని అంతస్తుల్లో గోడలు లేచిపోయి పెద్ద కంత పడింది, భవనం మాత్రం కూలలేదు. తర్వాత దాన్ని బాగుచేశారు.

ఇది విని "అయితే పలకల భవనాలన్నీ కూల్చేద్దాం" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పలకల కట్టుబడిలో ఉన్న బలహీనతే ఒక రకంగా మేలు కూడా చేస్తుంది. ఒక మెట్ల విభాగం, అంటే ఒకే మెట్లతో ఎక్కే ఫ్లాట్ల నిలువు భాగం, కూలినా పక్క విభాగాన్ని లాక్కుపోదు. ద్నీప్రోలో రెండు కొసలూ నిలబడింది అందుకే. కాబట్టి భవనాన్ని ఒకే ముక్కగా చూడకుండా, ఒక్కో మెట్ల విభాగాన్ని ఒక్కో భవనంగా లెక్కేయాలి. చెడిన విభాగాన్ని పైనుంచి ఒక్కో పలక విప్పి తీసేసి, మిగిలిన అంచుకు కొత్త గోడ కట్టి, తక్కిన విభాగాలను ఉంచుకోవచ్చు. ఖార్కివ్‌లో కొన్ని భవనాలకు ఈ దారే పట్టారు.

తేల్చుకోవడానికి ఇంజనీరు ముందు చూడాల్సింది మంట ఎంతసేపు మండింది అన్నది. పేలుడు దెబ్బ కంటికి కనపడుతుంది, మంట దెబ్బ కనపడదు. 300 డిగ్రీలు దాటిన కాంక్రీటు చాలాసార్లు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు కనపడితే బలం తగ్గిందని అనుమానించాలి, కోర్, అంటే డ్రిల్లుతో గుండ్రటి ముక్క, తీసి ల్యాబ్‌లో పరీక్షించాలి. తర్వాత మూలల్లోని వెల్డింగులు, తుప్పు, భవనం వాలు. కిటికీలు పోయిన భవనం రెండు శీతాకాలాలు అలాగే తడిస్తే ఆ వెల్డింగులు ఇంకా చెడతాయి, అందుకే నిర్ణయం ఆలస్యం కావడం కూడా ఒక నష్టమే.

ఉంచుకునే భవనానికి మూలల్లో ఉక్కు పట్టీలతో కట్టు వేయాలి, బయటివైపు 15 సెంటీమీటర్ల మందాన రాక్‌వూల్ (రాతిని కరిగించి చేసే, మండని ఉన్ని) తొడగాలి. థర్మాకోల్ చవకే, కానీ మండుతుంది. రోజూ మంటలు లేచే ఊళ్లో ఆ పొదుపు వద్దు. బ్రిటిష్ ఆర్కిటెక్ట్ నార్మన్ ఫాస్టర్ బృందం ఖార్కివ్ మాస్టర్‌ప్లాన్‌లోనూ పాత పలకల భవనాలను కొత్తగా మార్చుకోవడం ఒక పైలట్ అంశంగా పెట్టింది. అది సరైన మొగ్గు అని నా అభిప్రాయం. కొత్త భవనం ఎంత పొదుపుగా కరెంటు వాడినా, దాని సిమెంటు, ఉక్కు తయారు చేయడానికి వెళ్లిన పొగ ముందే ఆకాశంలోకి వెళ్లిపోయింది. నిలబడి ఉన్న శ్లాబుకు ఆ ఖర్చు యాభై ఏళ్ల కిందే అయిపోయింది.

కొత్తగా కట్టాల్సి వస్తే గోడ దేనితో

ఇప్పుడు మెటీరియల్ ప్రశ్నకు వచ్చాం. ఆర్‌సీసీ పిల్లర్ల చట్రం, మధ్యలో ఏఏసీ లైట్‌వెయిట్ బ్లాకులు అన్నది మన హైదరాబాద్, విజయవాడల్లోనూ అందరికీ తెలిసిన పద్ధతి. ఉక్రెయిన్‌లో ఈ బ్లాకుల ఫ్యాక్టరీలు చాలానే ఉన్నాయి, మేస్త్రీలకు అలవాటైన పని. బ్లాకు మీద బాంబు ముక్క పడితే పొడి అవుతుంది, నిజమే. కానీ చట్రం నిలబడుతుంది, బ్లాకు మార్చుకోవడం రెండు రోజుల పని. చలిని ఇటుక కంటే బాగా ఆపుతుంది.

సీఎల్‌టీ అంటే చెక్క పలకలను అడ్డంగా నిలువుగా పొరలు పొరలుగా జిగురుతో అతికించిన పెద్ద గోడలు. బరువు తక్కువ, పొగ ఖర్చు తక్కువ, ఫ్యాక్టరీలో కోసుకొచ్చి నిలబెట్టేయొచ్చు. జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ లివివ్‌లో ఆసుపత్రి విభాగానికి దీన్నే ఎంచుకున్నారు. చెక్క కదా, అంటుకుంటుందేమో అని అందరికీ అనుమానం. మందపు చెక్క నిమిషానికి ముప్పావు మిల్లీమీటరు లోపే మాడుతుంది, ఆ బొగ్గు పొరే లోపలి చెక్కను కాపాడుతుంది. నాకు భయం మంట కంటే ఆర్పడానికి కొట్టిన నీళ్లతో. తడిసిన పలక ఆరకపోతే కుళ్లుతుంది. కార్పాతియన్ అడవుల దగ్గరున్న లివివ్‌కు సీఎల్‌టీ సబబు. వెయ్యి కిలోమీటర్లు మోసుకెళ్లి ఖార్కివ్‌లో పెట్టడానికి నేను తొందరపడను.

హెంప్‌క్రీట్ గురించి ఆశగా అడిగేవాళ్లు ఎక్కువ. మత్తు లేని గంజాయి జాతి మొక్క కాండాన్ని ముక్కలు చేసి సున్నంతో కలిపి పోస్తారు. చలిని బాగా ఆపుతుంది, సులభంగా మండదు, గోడ గాలి పీలుస్తుంది. కానీ బరువు మోయదు. చట్రం వేరే ఉండాలి, ఆరడానికి వారాలు కావాలి. ఒకటి రెండు అంతస్తుల విడి ఇంటికి చాలా మంచిది. అపార్టుమెంట్‌కు పైతొడుగుగా మాత్రమే చూడండి.

త్రీడీ ప్రింటింగ్‌తో లివివ్‌లో ఒక బడి కట్టారు. వార్తలకు బాగుంటుంది. ఇల్లు కట్టే సమయంలో గోడలు లేపడం చిన్న భాగం. పునాది, పైపులు, కిటికీలు, అనుమతులకు పట్టే నెలలు ప్రింటర్ తగ్గించదు.

ఖార్కివ్ కొత్త స్థలానికి నన్ను ఎంచుకోమంటే నాలుగైదు అంతస్తులు మించని ఆర్‌సీసీ చట్రం, ఏఏసీ గోడ, రాక్‌వూల్ తొడుగు అంటాను. ఎత్తు ఎందుకు వద్దంటున్నానో కింద కరెంటు సంగతిలో చూడండి.

దాక్కునే చోటు: కిందా, ఇంట్లోనా

ఉక్రెయిన్‌లో చిన్న పిల్లలకు కూడా 'రెండు గోడల నియమం' తెలుసు. సైరన్ మోగితే బయటికీ మనకూ మధ్య కనీసం రెండు గోడలు ఉండేలా, కిటికీ లేని నడవాలోనో బాత్రూమ్‌లోనో కూర్చోవాలి. మొదటి గోడ దెబ్బ తింటుంది, రెండోది పెంకులను ఆపుతుంది.

సెల్లార్ మేలా, ఇంట్లోనే గట్టి గది మేలా అన్నది సమయాన్ని బట్టి తేలుతుంది. లివివ్‌కు క్షిపణి చేరేలోపు మెట్లు దిగే వ్యవధి ఉంటుంది. సరిహద్దు పక్కనున్న ఖార్కివ్‌లో చాలాసార్లు ముందు పేలుడు వినపడి తర్వాత సైరన్ మోగుతుంది. తొమ్మిదో అంతస్తులో ఉన్న అమ్మమ్మ మోకాళ్ల నొప్పితో సెల్లార్‌కు ఎప్పుడు చేరాలి?

ఇజ్రాయెల్ 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత కొత్త ఇళ్లన్నిటిలో 'మమద్' అనే గట్టి ఆర్‌సీసీ గదిని తప్పనిసరి చేసింది. మామూలు రోజుల్లో అది పిల్లల పడకగది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కట్టడం వల్ల భవనానికి నడుమ గట్టి వెన్నెముకలా కూడా పనిచేస్తుంది. ఫిన్లాండ్ దారి వేరే. 1,200 చదరపు మీటర్లు దాటిన పెద్ద భవనాలకు ఉమ్మడి షెల్టర్ ఉండాలి, శాంతికాలంలో అందులో జిమ్‌లు, సైకిళ్ల గదులు నడుస్తాయి. దేశం మొత్తంలో 48 లక్షల మందికి చోటుంది.

ఇంటింటికీ మమద్ కడితే కాంక్రీటు, ఖర్చు రెండూ పెరుగుతాయి. ఖార్కివ్‌కు నా ఎంపిక నడిమి దారి: మెట్లు, లిఫ్టు చుట్టూ ఉండే కాంక్రీటు భాగాన్నే కాస్త పెంచి, అంతస్తుకు ఒక గట్టి గది. నాలుగు ఫ్లాట్లవాళ్లు పది అడుగుల్లో చేరిపోతారు. సెల్లార్ షెల్టర్ కూడా ఉండాలి, రాత్రంతా దాడులు సాగే రోజులకు. దానికి రెండు దారులు, మరుగుదొడ్డి, నీళ్లు, గాలి, చక్రాల కుర్చీ దిగే ర్యాంపు లేకపోతే అది షెల్టర్ కాదు, సామాన్ల గది.

హీటింగ్, కరెంటు

సోవియట్ నగరాల్లో హీటింగ్ ఇంటింటికీ వేరుగా ఉండదు. కొన్ని పెద్ద కేంద్రాలు నీళ్లు వేడిచేసి పేటలకు పైపుల్లో పంపుతాయి. చవక, ఊళ్లో పొగ తక్కువ. కానీ ఒక కేంద్రం ఆగితే దాని మీద ఆధారపడ్డవాళ్లందరికీ ఆగుతుంది. యుద్ధం లేని 2006 జనవరిలోనే అల్చెవ్‌స్క్ అనే ఊళ్లో గడ్డకట్టే చలిలో ప్రధాన పైపు పగిలి ఊరంతా స్తంభించింది, పిల్లలను వేరే ఊళ్లకు తరలించాల్సి వచ్చింది. 2024 మార్చి 22న రష్యా క్షిపణులు ఖార్కివ్‌లోని అయిదో నంబరు థర్మల్ కేంద్రాన్ని కొట్టాయి.

అయితే ఫ్లాట్‌కో గ్యాస్ బాయిలర్ పెట్టుకుందామా? దానికీ కరెంటు కావాలి, పలకల భవనంలో పొగ గొట్టానికి దారి దొరకదు. హీట్ పంపులు తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇస్తాయి గానీ కరెంటే లేకపోతే అవీ అంతే. నాకు నచ్చిన దారి పేటకో చిన్న కేంద్రం. కరెంటు, వేడి రెండూ ఇచ్చే చిన్న యూనిట్లు నాలుగు చోట్ల పెట్టి, వాటిని పాత పైపులకే కలపడం. ఒకటి పోయినా మూడుంటాయి. ఖార్కివ్ కూడా 2024 తర్వాత ఈ వైపే అడుగులు వేసింది.

రాక్‌వూల్ తొడుగును నేను బ్యాటరీ కింద లెక్కేస్తాను. తొడుగు లేని పలకల ఇల్లు హీటింగ్ ఆగిన రోజే చల్లబడుతుంది. బాగా తొడిగిన ఇల్లు రోజుల పాటు నిలుస్తుంది, రిపేరువాళ్లకు ఆ రోజులు చాలు. పైకప్పు మీద సోలార్, కింద బ్యాటరీ పెట్టేటప్పుడు ఇల్లంతా నడపాలని చూడొద్దు. నీళ్ల పంపు, హీటింగ్ పంపు, షెల్టర్ ఫ్యాను, వైఫై నడిస్తే చాలు. లిఫ్టు సంగతి: 2022 శీతాకాలంలో కీవ్ జనం లిఫ్టుల్లో నీళ్లు, బిస్కెట్లు, మందులు ఉన్న డబ్బాలు పెట్టారు, మధ్యలో ఇరుక్కుంటే ఉంటాయని. పదహారో అంతస్తులో ఉండే టెన్షన్ ఇదే. అయిదో అంతస్తు అయితే మెల్లగా అయినా ఎక్కొచ్చు.

డబ్బు ఎవరి చేతికి

ఇక్కడ మనకు పొరుగు దేశం అనుభవం ఉంది. శ్రీలంకలో 2009లో యుద్ధం ముగిశాక భారత ప్రభుత్వం 50,000 ఇళ్లు కట్టిస్తామంది. మొదటి వెయ్యి ఇళ్లు జాఫ్నా, కిలినొచ్చి వైపు కాంట్రాక్టర్లతో కట్టించింది. 2012 అక్టోబర్ 2న మొదలైన రెండో దశలో పద్ధతి మార్చింది. ఇంటి యజమాని బ్యాంకు ఖాతాలోకే విడతలుగా 5,50,000 శ్రీలంక రూపాయలు వేసింది. పునాదికి ఇంత, గోడలకు ఇంత, కప్పుకు ఇంత. ఐరాస హాబిటాట్, రెడ్‌క్రాస్ లాంటి సంస్థలు ఇంజనీర్లను పంపి పని చూసుకున్నాయి. ఇసుక ఎక్కడ కొనాలి, మేస్త్రీ ఎవరు అన్నది ఇంటివాళ్లే తేల్చుకున్నారు.

తర్వాత 2015, 2016లలో శ్రీలంక ప్రభుత్వం అదే ప్రాంతానికి 65,000 రెడీమేడ్ ఉక్కు ఇళ్లు తెస్తామంది. ఒక్కో దానికి 20 లక్షల శ్రీలంక రూపాయలు పైనే. ఆ డబ్బుతో ఇటుక ఇళ్లు రెండు కట్టొచ్చని, ఉప్పుగాలికి, ఎండకు ఆ ఉక్కు ఇల్లు సరిపడదని, తర్వాత ఒక గది కలుపుకోవడానికి వీలుండదని, కట్టెల పొయ్యికి పొగ పోయే దారి లేదని అక్కడి తమిళ నాయకులు, ఇంజనీర్లు గట్టిగా అడ్డుపడ్డారు. పథకం అనుకున్నట్టు సాగలేదు.

విడి ఇళ్లకు, యజమాని ఖాతాలోకే విడతలుగా డబ్బు వేసిన ఆ రెండో దశ పద్ధతికి మించింది నాకు కనపడలేదు. ఊరి మేస్త్రీకి పని దొరుకుతుంది, డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. అయితే ఒంటరి వృద్ధులకు, భర్తను కోల్పోయి చిన్నపిల్లలతో ఉన్నవాళ్లకు కట్టించుకునే భారం కూడా బరువే. వాళ్లకు పక్కన నిలబడి చేయించే మనిషి కావాలి. అపార్టుమెంట్‌కు ఈ పద్ధతి నేరుగా కుదరదు. గోడ అందరిదీ కదా. అక్కడ ఓనర్ల సంఘం పేరిట ఖాతా తెరిచి, లోపలి పని డబ్బు ఫ్లాట్ యజమానికి, బయటి పని డబ్బు సంఘానికి ఇవ్వడం మేలు.

శిథిలాలు

కూలిన కాంక్రీటును పిండి చేసి రోడ్డు పునాదికి, బ్లాకులకు వాడొచ్చు. వార్సాలోని మురానూవ్ పేటను రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి శిథిలాల మీదే, వాటిని పొడిచేసి పోసిన బ్లాకులతోనే కట్టారు. ఉక్రెయిన్‌లో ముందు ఆస్‌బెస్టాస్ రేకులను వేరు చేయాలి. పాత ఇళ్ల కప్పుల్లో అవి చాలా ఉన్నాయి. వాటిని తడిపి, మాస్కు పెట్టుకుని, విడిగా మూటకట్టాలి. క్రషర్‌లో కలిసిపోతే ఆ దుమ్ము ఊరంతటి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

ఒక భవనం, ఒక నిర్ణయం

ఉత్తర సాల్తివ్కాలో తొమ్మిది అంతస్తుల భవనం ఒకటి ఉందనుకుందాం. నాలుగు మెట్ల విభాగాలు. ఒకటి మంటల్లో కాలింది, మూడింటికి అద్దాలు పోయాయి. సెప్టెంబర్ నెల. ముందు మూడు విభాగాల్లో ఉంటున్న ప్రతి ఫ్లాట్‌లో ఒక గదికి పాలిథిన్ కిటికీ, పైపుల పరీక్ష, నడవాలో గట్టి తలుపు. కాలిన విభాగం చుట్టూ కంచె, కోర్ పరీక్షకు నమూనాలు. ఆ విభాగంలోని కుటుంబాలకు ఊళ్లోనే పాత హాస్టల్‌లో సొంత వంటగది ఉన్న గదులు, అదే బడికి పిల్లలు వెళ్లేంత దగ్గర్లో. వసంతంలో ఫలితం చూసి కాలిన విభాగాన్ని విప్పడమో, కట్టు వేయడమో. వేసవిలో మిగతా మూడింటికి ఉక్కు పట్టీలు, రాక్‌వూల్. ఖాళీ అయిన చోట మళ్లీ తొమ్మిది అంతస్తులు లేపకుండా నాలుగు అంతస్తుల చట్రం, అంతస్తుకో గట్టి గది. అందులో ఫ్లాట్లు ఎవరికి అన్న జాబితా మాత్రం మొదటి నెలలోనే, కాలిన విభాగంలోని ఇంటి నంబర్లతో రాసి, సంఘం నోటీసు బోర్డు మీద అంటించాలి.